కుంచె, కీబోర్డు: ఎడమ చేతికీ పని చెప్పండి

కంప్యూటర్లో బొమ్మలేయడం మొదలుపెట్టినవాళ్లు ఎక్కడ ఆగిపోయారో రాయండి అని పోయిన నెల ఈ పేజీలో అడిగాను. వచ్చినవాటిలో ఎక్కువ భాగం క్రిటా అనే సాఫ్ట్‌వేర్ గురించే. సంతోషం, నేను వాడేదీ అదే. తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. ఇది ఉచితం. 1999లో కేడీఈ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ బృందంలో మొదలైంది, ఇప్పుడు నెదర్లాండ్స్‌లోని ఒక ఫౌండేషన్ చూసుకుంటోంది. స్వీడిష్ భాషలో క్రిటా అంటే సుద్దముక్క. దాని మస్కట్ ఒక ఉడుత బొమ్మ. మన చేర్యాల పటాలు వేసే కుంచెలు ఉడుత వెంట్రుకలతో కట్టేవాళ్లు కాబట్టి, మొదటిసారి ఆ ఉడుతను చూసినప్పుడు ఇది మనవాళ్లెవరో పెట్టిన గుర్తేమో అనుకున్నా. కాదనుకోండి.

ఇక ఉత్తరాలు.

ప్రశ్న (హనుమకొండ నుంచి ఒక విద్యార్థిని): నమస్తే సార్. నేను డిగ్రీ రెండో సంవత్సరం. నాన్న పాత ల్యాప్‌టాప్‌లో క్రిటా వేసుకున్నా, మా అన్న పెన్ ట్యాబ్లెట్ (పెన్నుతో గీసే పలక) కొనిచ్చాడు. వీడియోలు చూసి, ఏ మీట నొక్కితే ఏ పని జరుగుతుందో ఆ షార్ట్‌కట్లన్నీ ఒక చార్టు మీద రాసి గోడకు అతికించా. అరవైకి పైనే ఉన్నాయి. గీయడం మొదలుపెట్టగానే ఒక్కటీ గుర్తుకు రాదు. చార్టు వంక చూసి వచ్చేలోపు చెయ్యి ఆగిపోతుంది. ఇవన్నీ బట్టీ పట్టాలా? నాకు ఇది రాదేమో అని టెన్షన్‌గా ఉంది.

జవాబు: బిడ్డా, ముందు ఆ చార్టు గోడ మీద నుంచి తియ్యి. చింపకు, మడిచి పుస్తకాల కింద పెట్టు. ఆరు నెలల తర్వాత నీకే సరదాగా ఉంటుంది.

నేను వరంగల్ స్టేషన్ రోడ్డు చుట్టుపక్కల చాలా ఏళ్లు బోర్డులు రాసినవాడిని. మా ఉస్తాద్ మొదటి మూణ్ణెల్లు నాకు కుంచె చేతికివ్వలేదు. నిచ్చెన పట్టుకో, డబ్బా పట్టుకో, కర్ర అందించు, అంతే. చాలా కోపం వచ్చేది. తర్వాత అర్థమైంది, నాతో ఆయన ఎడమ చేతి పనులన్నీ చేయించాడని. బోర్డు రాసేవాడి కుడి చేతిలో కుంచె ఒక్కటే ఉంటుంది. ఎడమ చెయ్యి చూడు: బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఎనామిల్ డబ్బా, మిగిలిన వేళ్ల మధ్య కుడి మణికట్టు ఆన్చుకోవడానికి గుడ్డ చుట్టిన కర్ర, చిటికెన వేలికి తుడుచుకునే పాత బట్ట. అక్షరం కుడి చెయ్యి రాస్తుంది గానీ కష్టమంతా ఎడమ చేతిదే.

ఫ్లెక్సీలు వచ్చి మా పని పోయాక కంప్యూటర్ ముందు కూర్చున్నా. కుడి చేతిలో పెన్ను, ఎడమ చెయ్యి తొడ మీద ఊరికే పడి ఉంది. కుంచె సైజు మార్చాలంటే పెన్ను పైదాకా పోవాలి, రంగు కావాలంటే కుడి పక్కకు పోవాలి, చెరపాలంటే మళ్లీ పైకి. ప్రతి అక్షరానికీ నిచ్చెన దిగి, రంగు కలుపుకొని, మళ్లీ ఎక్కినట్టుండేది. షార్ట్‌కట్లు అన్నవి ఆ నిచ్చెన దిగకుండా ఉండటానికే. అందుకని వాటిని మెదడుతో గుర్తుపెట్టుకోవద్దు. ఎడమ చేతికి నేర్పించు.

మొదటి వారం నాలుగే నాలుగు. కంట్రోల్ జెడ్ ఎలాగూ వచ్చు, వేసింది వెనక్కి తీసుకోవడానికి. బి నొక్కితే ఎక్కడున్నా కుంచె చేతికొస్తుంది. చదరపు బ్రాకెట్లు రెండున్నాయి కదా, పి అక్షరం పక్కన, ఎడమ బ్రాకెట్ కుంచెను సన్నం చేస్తుంది, కుడిది లావు చేస్తుంది. అవి ఎడమ చేతికి దూరమనిపిస్తే షిఫ్ట్ పట్టుకుని పెన్నును కాన్వాస్ (తెర మీది కాగితం) మీద అడ్డంగా లాగు, కుంచె గుండ్రం పెద్దదీ చిన్నదీ అవుతుంది. నాకు ఇదే ఇష్టం. నాలుగోది ఇంగ్లిష్ ఈ (E) మీట, చెరపడానికి.

ఈ (E) దగ్గర కొంచెం ఆగాలి. కొత్తవాళ్లు పదిమందిలో తొమ్మిదిమంది ఇక్కడే పడతారు. వేరే సాఫ్ట్‌వేర్లలో ఈ నొక్కితే రబ్బరు అనే వేరే పనిముట్టు వస్తుంది. క్రిటాలో అలా కాదు. చేతిలో ఉన్న కుంచే చెరిపే కుంచెగా మారుతుంది. మళ్లీ ఈ నొక్కేదాకా అది చెరుపుతూనే ఉంటుంది. నువ్వు తెలియకుండా ఈ మీద వేలు పెట్టావనుకో, ఆ తర్వాత ఎంత గీసినా తెరమీద ఏమీ పడదు. సాఫ్ట్‌వేర్ పాడైంది, ట్యాబ్లెట్ పాడైంది అని కంగారు. నేనైతే ఒకసారి మొత్తం తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేశాను, గంట పోయింది. గీత పడకపోతే వరుసగా మూడు చూడు. ఒకటి, ఈ మళ్లీ ఒకసారి నొక్కు. రెండు, కంట్రోల్ షిఫ్ట్ ఏ నొక్కు. ఎక్కడో మూలన చిన్న సెలెక్షన్ (ఇక్కడే గీయాలని గిరి గీసి ఎంచుకున్న చోటు) మిగిలిపోయి ఉంటే దాని బయట రంగు పడదు, ఇది ఆ సెలెక్షన్ తీసేస్తుంది. మూడు, లేయర్ల (ఒకదాని మీద ఒకటి పరిచిన బొమ్మ పొరల) పట్టికలో నువ్వున్న లేయర్‌కు తాళం గుర్తు పడిందేమో, కన్ను గుర్తు మూసి ఉందేమో చూడు. దాదాపు ఎప్పుడూ ఈ మూడింట్లోనే దొరుకుతుంది.

రెండో వారం ఇంకో మూడు కలుపు. కంట్రోల్ పట్టుకుని బొమ్మ మీద ఎక్కడ తాకితే ఆ రంగు కుంచెకు వస్తుంది. స్పేస్ పట్టుకుని లాగితే కాగితం జరుగుతుంది. స్పేస్‌తోపాటు షిఫ్ట్ కూడా పడితే కాగితం తిరుగుతుంది, నోట్‌బుక్‌ను వాటంగా తిప్పుకున్నట్టు. తిరిగిన కాగితం నేరుగా రావాలంటే 5. మూడోది ఎం, ఇది నాకు ప్రాణం.

ఎం నొక్కితే కాన్వాస్ అద్దంలో చూసినట్టు కుడి ఎడమలు మారి కనిపిస్తుంది. బొమ్మ మారదు, చూపు మాత్రమే మారుతుంది. మళ్లీ నొక్కితే మామూలే. పోయినేడు ఖిలా వరంగల్ కీర్తి తోరణం వేస్తున్నా. నాలుగింట్లో ఒకటి, రెండు స్తంభాలు, పైన అడ్డదూలం, దాని చివర్ల హంసలు. రెండు గంటలు కూర్చుని వేశా, బాగుంది అనుకున్నా. ఎం నొక్కి చూద్దును కదా, తోరణం మొత్తం కల్లు తాగినట్టు ఒక పక్కకు ఒరిగి ఉంది. ఎడమ హంస మెడ కుడిదాని కన్నా ఒక వేలెడు పొడుగు. అంతసేపూ నా కళ్ల ముందే ఉంది, కన్ను అలవాటుపడి కనబడలేదు. బోర్డులు రాసేటప్పుడు ఇదే పనికి రోడ్డు అవతలకు పోయి, చాయ్ తాగి, వెనక్కి తిరిగి చూసేవాళ్లం. ఇప్పుడు పది నిమిషాలకోసారి ఎం. చాయ్ కూడా తాగుతా, అది వేరే సంగతి.

సాధన కావాలన్నావా? ఒక బతుకమ్మ వెయ్యి. నిజంగానే. ఒకే కుంచె పెట్టుకో. కింది వరుస వెడల్పుగా, పెద్ద చుక్కలతో తంగేడు పసుపు. ఎడమ బ్రాకెట్ రెండుసార్లు నొక్కు, కుంచె తగ్గింది, పై వరుస గునుగు తెలుపు. మళ్లీ రెండుసార్లు, బంతి నారింజ. పైకి పోతున్నకొద్దీ వరుస చిన్నదవుతుంది, పువ్వూ చిన్నదవుతుంది. మళ్లీ పసుపు కావాలంటే రంగుల చక్రం దాకా పోకు, కంట్రోల్ పట్టుకుని కింది తంగేడు మీద తాకు. అదే రంగు కాస్త ముదురు కావాలంటే కె, లేత కావాలంటే ఎల్. గౌరమ్మను పెట్టేసరికి నీ ఎడమ చెయ్యి ఆ మీటలు వంద సార్లు నొక్కి ఉంటుంది. రోజుకొకటి చొప్పున తొమ్మిది రోజులు వేస్తే నువ్వే ఆశ్చర్యపోతావు.

ప్రశ్న (పరకాల నుంచి ఒక డిజైనర్): అన్నా, నేను ఫ్లెక్సీ షాపులో పనిచేస్తా. ఎనిమిదేళ్లుగా ఫొటోషాప్ చేతికి అలవాటు. ఇంట్లో నా కంప్యూటర్లో క్రిటా పెట్టుకున్నా గానీ మీటలన్నీ వేరే. రంగు తీసుకోవడానికి ఆల్ట్ నొక్కితే రాదు. పొద్దంతా ఒకటి, రాత్రి ఇంకోటి అంటే నా వల్ల కాదు. మార్చుకోవచ్చా? ఇంకోటి, పది అడుగుల ఫ్లెక్సీ సైజులో క్రిటాలో ఫైల్ తెరిస్తే సిస్టమ్ ఆగిపోతోంది.

జవాబు: తమ్మీ, మార్చుకోవచ్చు, కాకపోతే రెండు చోట్ల మార్చాలి. చాలామంది ఒకచోట మార్చి, సగం పనిచేస్తోంది సగం చేయట్లేదు అంటారు. సెట్టింగ్స్‌లో కాన్ఫిగర్ క్రిటాకు పో. కీబోర్డ్ షార్ట్‌కట్స్ అన్న పేజీలో స్కీమ్ అని ఉంటుంది, అందులో ఫొటోషాప్‌కు సరిపోయేది ఎంచుకో. దాంతో పనిముట్ల మీటలు మారతాయి. కానీ రంగు తీసుకోవడం, కాగితం జరపడం, కుంచె సైజు లాగడం లాంటివి కాన్వాస్ ఇన్‌పుట్ సెట్టింగ్స్ అనే వేరే పేజీలో ఉంటాయి. అక్కడ కూడా ప్రొఫైల్ ఫొటోషాప్‌ది పెట్టు. అప్పుడు ఆల్ట్ పనిచేస్తుంది. పై అమ్మాయికి నేను చెప్పినవి నీకు వర్తించవు, కలగాపులగం చేసుకోకు.

సైజు సంగతి. పది అడుగుల పొడవు, నాలుగు అడుగుల ఎత్తు అనుకుందాం. అంగుళానికి 72 చుక్కలు పెట్టినా 8640 అడ్డం, 3456 నిలువు. అంటే దగ్గర దగ్గర మూడు కోట్ల చుక్కలు. ఒక్కో చుక్కకు నాలుగు బైట్లు, కాబట్టి నిండుగా రంగు వేసిన ఒక్క లేయర్‌కే సుమారు 12 కోట్ల బైట్లు, 110 ఎంబీ పైన. పది లేయర్లు వేస్తే ఒక జీబీ దాటుతుంది, వెనక్కి తీసుకునే అడుగులన్నీ గుర్తుపెట్టుకోవడానికి ఇంకా కావాలి. నీ ఇంటి సిస్టమ్‌లో నాలుగు జీబీ ర్యామ్ ఉంటే ఆగక ఏం చేస్తుంది, పాపం. అంగుళానికి 36 పెట్టు. చుక్కలు నాలుగో వంతుకు పడిపోతాయి. రోడ్డు అవతల నుంచి చూసే బొమ్మకు అది చాలు. అక్షరాలు మాత్రం క్రిటాలో వేయకు, బొమ్మ వరకే అక్కడ వేసి, పేర్లూ ఫోన్ నంబర్లూ నీ షాపు సాఫ్ట్‌వేర్లో పెట్టుకో. చేతిలో పట్టుకుని చూసే శుభలేఖ, పుస్తకం అట్ట లాంటివైతే 300 తప్పదు; ఏ4 కాగితానికి అది 2480, 3508 అవుతుంది.

తెర మీద మెరిసే చిలకపచ్చ, నెమలి నీలం సిరాలో అంత మెరవవు, అది నీకు నేను చెప్పాలా.

ప్రశ్న (మంచిర్యాల నుంచి ఒక తల్లి): మా బాబు తొమ్మిదో తరగతి. ఫోన్‌లో వేలితోనే బొమ్మలు వేస్తాడు, బాగుంటాయి. ఇప్పుడు తెర ఉన్న డ్రాయింగ్ ట్యాబ్లెట్ కావాలని పట్టుబట్టాడు. ధర చూస్తే భయమేసింది. మావారు సింగరేణిలో చేస్తారు, కొనలేమని కాదు గానీ, నాలుగు రోజులు ఆడి మూలన పడేస్తాడేమోనని. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, తెర ఉన్నది వద్దు. మూడు నాలుగు వేల రూపాయల్లో తెర లేని చిన్న పెన్ ట్యాబ్లెట్ వస్తుంది, నల్ల పలకలా ఉంటుంది. ఇంట్లో కంప్యూటర్ ఉంటే అది చాలు. బాబుకు మొదటి వారం పది రోజులు చిరాకుగా ఉంటుంది, చెయ్యి బల్ల మీద, చూపు తెర మీద ఉండాలి కాబట్టి. కుట్టు మిషన్ తొక్కేటప్పుడు మనం కాలు వంక చూస్తామా? చూపు సూది దగ్గరే ఉంటుంది, కాలు దాని పని అది చేసుకుంటుంది. అట్లాగే కుదురుతుంది.

కొనేటప్పుడు పెన్నుకు ఛార్జింగ్ అక్కర్లేనిది చూడండి. 4096 లెవల్స్, 8192 లెవల్స్ అని అట్టపెట్టె మీద పెద్దగా రాస్తారు, ఒత్తిడిని ఎన్ని మెట్లుగా కొలుస్తుందో ఆ లెక్క. వాటి మధ్య తేడా మీ బాబు చేతికే కాదు, నా చేతికీ తెలియదు. విడి పెన్ను మొనలు పెట్టెలో ఇస్తున్నారో లేదో చూడండి, అవి అరిగిపోతాయి.

క్రిటాను దాని సొంత వెబ్‌సైటు క్రిటా డాట్ ఆర్గ్ నుంచి దించుకుంటే ఉచితం. కొన్ని యాప్ స్టోర్లలో అదే సాఫ్ట్‌వేర్‌కు డబ్బు తీసుకుంటారు. మోసమేమీ కాదు, ఆ డబ్బు తయారుచేసేవాళ్లకు పోతుంది, కానీ కట్టాలని రూలు లేదు. ఉచితం కదా అని ఎవరో పెన్‌డ్రైవ్‌లో ఇచ్చింది మాత్రం వేయనివ్వకండి. నేను ఒకప్పుడు ఒక షాపులో ఖరీదైన సాఫ్ట్‌వేర్ దొంగ కాపీ వేయించుకుని, దాంతోపాటు వచ్చిన వైరస్‌కు మా చెల్లెలి పెళ్లి ఫొటోలు పోగొట్టుకున్నా. ఆ మాట మా ఇంట్లో ఇప్పటికీ వస్తుంది.

ట్యాబ్లెట్ పెట్టాక ఎంత నొక్కినా గీత ఒకే లావులో వస్తోందని బాబు అంటే, ముందు ట్యాబ్లెట్ కంపెనీవాళ్ల డ్రైవర్ (ట్యాబ్లెట్‌ను కంప్యూటర్ గుర్తుపట్టేలా చేసే సాఫ్ట్‌వేర్) వేశాడో లేదో చూడమనండి. వేశాక కూడా అంతే ఉంటే, కాన్ఫిగర్ క్రిటాలో ట్యాబ్లెట్ సెట్టింగ్స్ తెరిచి, విన్‌ట్యాబ్ మీద ఉంటే విండోస్ ఇంక్‌కు, అక్కడుంటే ఇక్కడికి మార్చి, క్రిటాను మూసి తెరవమనండి. చాలాసార్లు అంతటితో సరిపోతుంది. పోతే, కంప్యూటర్ లేకుంటే కొనే ముందు నాకు మళ్లీ రాయండి. ఆండ్రాయిడ్‌లో క్రిటా పెద్ద ట్యాబ్‌ల కోసమే చేశారు, ఫోన్‌కు సరిపోదు.

ప్రశ్న (కరీంనగర్ నుంచి ఒక పాఠకుడు): నిన్నటిదాకా బి నొక్కితే కుంచె వచ్చేది. ఇవాళ పొద్దున్నుంచి ఒక్క మీట కూడా పనిచేయట్లేదు. కీబోర్డు పోయిందనుకుంటే వాట్సాప్‌లో బాగానే టైప్ అవుతోంది.

జవాబు: వాట్సాప్‌లో ఏ భాషలో టైప్ చేశారు? తెలుగులోనే అయి ఉంటుంది. తెర కింద కుడి మూలన చూడండి, కీబోర్డు ఇంకా తెలుగులోనే ఉంటుంది. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డులో బి మీట మీద వ ఉంటుంది. మీరు బి అనుకుని నొక్కుతుంటే క్రిటాకు వ అని వినబడుతోంది, దానికేమో వ అంటే ఏమిటో తెలియదు. విండోస్ మీట పట్టుకుని స్పేస్ నొక్కితే ఇంగ్లిష్‌కు మారుతుంది. ఎక్కడో అమెరికావాడి వీడియోలో ఈ సంగతి చెప్పరు, వాడికి ఈ బాధ లేదు కాబట్టి. నాకు రెండు రోజులు పట్టింది కనుక్కోవడానికి.

ప్రశ్న (జనగామ నుంచి ఒక బీఎఫ్‌ఏ విద్యార్థిని): మా అమ్మమ్మది చేర్యాల. అక్కడి పటాలు చూస్తూ పెరిగా. ఆ తీరులో మా అమ్మమ్మ చెప్పే కథ ఒకటి క్రిటాలో వేద్దామని ఉంది. లేయర్లు ఎలా పెట్టుకోవాలి? అంచులో పూల తీగ చేత్తో వేయాలంటే నెల పడుతుంది, దారి ఉందా?

జవాబు: నీ ఉత్తరం చదివి చాలా సంతోషమైంది. లేయర్ల సంగతి నీకు కొత్తగా చెప్పనక్కర్లేదు, ఆ పటాలు వేసే నకాషీలు ఎప్పుడో పెట్టారు. ఖాదీ గుడ్డకు సుద్దా గంజీ చింతగింజల జిగురూ కలిపి పట్టించి ఆరబెడతారు. ముందు కుంచెతో సన్నగా రూపాలు గీసుకుంటారు, చుట్టూ ఎరుపు నింపుతారు, తర్వాత ఒంటి రంగులు, తర్వాత బట్టలూ నగలూ, అన్నిటికన్నా చివర నల్ల గీత. ఆ వరుసే నీ లేయర్ల వరుస. అట్టడుగున ఎరుపు. దాని పైన ఒళ్లు, దాని పైన బట్టలు, పైన నగలు, అన్నిటి పైన నల్ల గీత. మొదట గీసుకున్న చిత్తు గీత వేరే లేయర్‌లో పల్చగా పెట్టుకుని, చివర కన్ను మూసెయ్యి. కొత్త లేయర్‌కు ఇన్సర్ట్ మీట, పై లేయర్‌కూ కింది లేయర్‌కూ పోవడానికి పేజ్ అప్, పేజ్ డౌన్. కొన్ని ల్యాప్‌టాప్‌లలో ఇన్సర్ట్ కోసం ఎఫ్ఎన్ కూడా పట్టాలి.

పలక పలకగా చదును రంగులు కాబట్టి ఎఫ్ నొక్కి నింపుకోవచ్చు. కానీ గీతకూ రంగుకూ మధ్య తెల్లటి వెంట్రుక లాంటి ఖాళీ మిగులుతుంది, చూశావా? నింపే పనిముట్టు ఆప్షన్లలో సెలెక్షన్ పెంచే అంకె ఉంటుంది, గ్రో అని. అక్కడ రెండో మూడో పెట్టు, రంగు గీత కిందికి చొరబడి ఆ ఖాళీ మూసుకుంటుంది. గీతలు ఒక లేయర్‌లో, రంగు ఇంకో లేయర్‌లో వేస్తున్నావు కాబట్టి, అక్కడే అన్ని లేయర్లనూ చూసి నింపమని పెట్టు. లేదంటే ఒక్క చుక్కకు కాగితమంతా ఎర్రబడుతుంది.

ఎరుపు అన్నాను గానీ కంప్యూటర్ ఇచ్చే నిండు ఎరుపు పెట్టకు, కళ్లు పోతాయి. ఇంగిలీకం ఎరుపు వేరు, దానిలో కాస్త ఇటుక కలిసిన వెచ్చదనం ఉంటుంది. మీ అమ్మమ్మ ఇంట్లో పటం ఉంటే పగటి వెలుతురులో ఫొటో తీసి క్రిటాలో తెరిచి, కంట్రోల్ పట్టుకుని ఆ ఎరుపును తీసుకో. నాలుగైదు చోట్ల తాకి చూడు, ఒక్కో చోట ఒక్కో ఎరుపు వస్తుంది. చేతి పని అందం అక్కడే ఉంది. నువ్వు కూడా ఒకే ఎరుపుతో నింపి ఊరుకోకుండా, పైన అదే రంగు కె, ఎల్ తో ఒక పిసరు అటూ ఇటూ చేసి పెద్ద కుంచెతో అక్కడక్కడా తాకు.

అంచు తీగకు దారి ఉంది, చిటికెలో పని. చిన్న చదరం కాన్వాస్ వేరేగా తెరువు, 256కు 256 చాలు. డబ్ల్యూ నొక్కు. ఆ చదరం నాలుగు వైపులా అదే అదే పరుచుకుని కనిపిస్తుంది, కుడి అంచు దాటిన గీత ఎడమ అంచులోంచి లోపలికి వస్తుంది. అందులో ఒక పువ్వు, రెండు ఆకులు, తీగ ఒక వంపు వెయ్యి. అతుకు ఎక్కడుందో నీకే దొరకదు. దాన్ని ప్యాటర్న్‌గా దాచుకుని అంచంతా నింపుకో. అయ్యాక మళ్లీ డబ్ల్యూ నొక్కడం మరిచిపోకు. నేను మరిచిపోయి, బొమ్మ తొమ్మిదైందని బెదిరిపోయాను.

ఒక్క మాట. అంచు మొత్తం అలాగే వదిలేస్తే గోడకు అతికించే కాగితంలా ఉంటుంది. నింపాక ఐదారు పువ్వులు చేత్తో మార్చు. ఇంకొకటి, ఇది ఎక్కడైనా పెట్టినప్పుడు చేర్యాల పటం అని రాయకు, చేర్యాల తీరులో వేసిన డిజిటల్ బొమ్మ అని రాయి. ఆ పేరుకు జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు ఉంది. అంతకన్నా ముఖ్యం, ఆ గుడ్డా జిగురూ పట్టించి చేసేవాళ్లు ఇప్పుడు కొద్ది కుటుంబాలే మిగిలారు.

ప్రశ్న (జమ్మికుంట నుంచి ఒక పాఠకుడు): మూడు గంటలు వేసిన బొమ్మ, కరెంటు పోయి మొత్తం పోయింది. ఏడుపొక్కటే తక్కువ.

జవాబు: తమ్మీ, మళ్లీ క్రిటా తెరిచినప్పుడు పాత ఫైల్ కావాలా అని అడిగిందా? కొన్ని నిమిషాలకోసారి అది తనంతట తాను ఒక కాపీ దాచుకుంటుంది. అడిగినప్పుడు కంగారులో వద్దు అని నొక్కేసి ఉంటావు, చాలామంది అదే చేస్తారు. ఈసారి చదివి నొక్కు.

కరెంటు కన్నా పెద్ద ప్రమాదం మన చెయ్యే. ఒక కాలనీ కమిటీకి సద్దుల బతుకమ్మ బ్యానర్ వేశాను. పని అయిపోయిందని లేయర్లన్నీ ఒకటి చేసి, అదే పేరుతో సేవ్ చేసి, మూసేశా. రాత్రి పదకొండుకు ఫోన్. వెనకాల చెరువు తీసేసి గుడి పెట్టాలట. చెరువు మీద పన్నెండు మంది ఆడవాళ్లు నిలబడి ఉన్నారు, అందరూ ఒకే లేయర్‌లో అతుక్కుపోయారు. తెల్లారేదాకా ఒక్కొక్కరి చుట్టూ చెరుపుతూ కూర్చున్నా. అప్పటి నుంచి కంట్రోల్ ఆల్ట్ ఎస్ నా ఎడమ చేతికి ఊపిరి లాంటిది. అది నొక్కినప్పుడల్లా పాత ఫైల్‌ను ముట్టుకోకుండా 001, 002 అని పేరు చివర అంకె పెంచుతూ కొత్తది దాస్తుంది. లేయర్లు కలిపే ముందు ఒకసారి, చాయ్‌కు లేచే ముందు ఒకసారి. కమిటీకి పీఎన్‌జీ పంపు, నీ దగ్గర మాత్రం క్రిటా సొంత ఫైల్, కేఆర్ఏ ఉంచుకో. లేయర్లు అందులోనే బతికి ఉంటాయి.

ప్రశ్న (భూపాలపల్లి నుంచి ఒక పాఠకురాలు): మీరు ఎప్పుడూ ఎడమ చెయ్యి కీబోర్డు మీద పెట్టమంటారు. నాది ఎడమ చేతి వాటం సార్. నేనేం చేయాలి?

జవాబు: క్షమించమ్మా, ఇన్నేళ్లలో ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు, నాకూ తట్టలేదు. నీ ఉత్తరం వచ్చాక కీబోర్డు ముందేసుకుని కుడి చేత్తో కూర్చుని చూశా. నువ్వు అదృష్టవంతురాలివి. సైజు బ్రాకెట్లు కుడి వైపే. రంగు ముదురు, లేత చేసే కె, ఎల్ కుడి వైపే. అద్దం చూపించే ఎం, కుంచె రంగును పల్చన, చిక్కన చేసే ఐ, ఓ, ఇప్పటి కుంచెకూ ఇంతకుముందు వాడినదానికీ మధ్య మారే స్లాష్, అన్నీ నీ కుడి వేళ్ల కిందే ఉన్నాయి. కంట్రోల్, షిఫ్ట్ రెండు పక్కలా ఉంటాయి. దూరమయ్యేవి బి, ఈ (E), కంట్రోల్ జెడ్ లాంటివి. కీబోర్డ్ షార్ట్‌కట్స్ పేజీలో వాటిని వెతికి, నీకు దగ్గరగా ఉండి ఖాళీగా ఉన్న మీటలు ఇచ్చుకో. ఏదైనా మీట ఇప్పటికే వేరే పనికి ఉంటే అదే హెచ్చరిస్తుంది.

ట్యాబ్లెట్ డ్రైవర్‌లో ఎడమ చేతివాళ్ల కోసం పలకను తిప్పేసే ఆప్షన్ ఉంటుంది, అది పెట్టుకుని పలకను తలకిందులుగా తిప్పు, వైరూ బొత్తాలూ అవతలి పక్కకు పోతాయి. ఒక పది రోజులు వాడి ఎలా ఉందో రాయి. నేనింకా బ్రాకెట్ల కోసం కీబోర్డు వంక తొంగి చూస్తుంటా, నువ్వు చూడకుండానే నొక్కేస్తావు.